అమరం నుంచి రైమ్స్ దాకా: కడప, కర్నూలు సీమలో పద్యం ద్వారా పరభాషా పదబోధన

వ్యాస సంగ్రహం

పసిపిల్లలకు ఇంగ్లీషు మాటలు నేర్పడానికి బాలగేయాలను, అంటే నర్సరీ రైమ్స్‌ను, వాడడం రాయలసీమ పాఠశాలల్లో ఇప్పుడు సర్వసాధారణం. ఇది కొత్త పద్ధతిగా కనిపించినా, ఇంట్లో మాట్లాడని భాషలోని పదాలను పద్యరూపంలో కంఠస్థం చేయించడం ఈ సీమలో ఇంగ్లీషు రాకముందే స్థిరపడిన బోధనామార్గం. అమరకోశ పఠన సంప్రదాయాన్ని, 1823 నాటి బళ్ళారి విద్యా నివేదికను, కడపలో సి.పి. బ్రౌన్ చేసిన కృషిని ఆధారంగా చేసుకొని, ఆ మార్గంలోని బలమూ లోపమూ రెండూ నేటి రైమ్స్ బోధనకు ఎలా సంక్రమించాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: అమరకోశం, వల్లెవేత, టీక, దత్తమండలాలు, క్యాంబెల్ నివేదిక, బాలగేయం, పదసంపద.

ఉపోద్ఘాతం

కడప, కర్నూలు ప్రాంతాల్లో ఎల్.కె.జి.లో చేరిన బిడ్డ నుంచి ఇంటివారు మొదట ఆశించేది ఒక రైమ్. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు ఆ బిడ్డను ముందు నిలబెట్టి రైమ్ చెప్పమంటారు. తడబడకుండా చెబితే ఇంగ్లీషు వస్తున్నదని నమ్ముతారు. ప్రైవేటు ఇంగ్లీషు బడిని ఏ మతసంస్థతో సంబంధం లేకపోయినా ‘కాన్వెంటు’ అని పిలుచుకొనే ఈ ప్రాంతంలో ఆ నమ్మకం వెనుక చాలా ఖర్చు, చాలా ఆశ ఉన్నాయి. తొలిసారి బడి మెట్లెక్కిన కుటుంబాల పిల్లలకు ఇంట్లో ఇంగ్లీషు చెప్పేవారు ఉండరు. వారి ఇంగ్లీషు పదసంపద ఎంతగా పెరుగుతుందన్నది దాదాపుగా తరగతి గదిలో జరిగే పని మీదనే ఆధారపడుతుంది.

2019 నవంబరులో ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెడుతూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వులు ఇవ్వడం, 2020 ఏప్రిల్ 15న రాష్ట్ర హైకోర్టు వాటిని కొట్టివేయడం, అదే ఏడాది జాతీయ విద్యావిధానం ప్రాథమిక దశలో మాతృభాషకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పడం తెలిసిన విషయాలే. ఈ చర్చ అంతా ఏ భాషలో చదువు చెప్పాలన్న దాని చుట్టూ తిరిగింది. పిల్లలకు పరభాషలోని ఒక మాట అర్థంతో సహా ఎలా అందుతుందన్న ప్రశ్న వెనకబడింది. ఈ ప్రశ్నకు సంబంధించిన అనుభవం సీమ చరిత్రలో దండిగా ఉంది. దాన్ని వెలికితీయడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. వల్లెవేత, టీక: అమరం నేర్పిన తీరు

అమరసింహుని ‘నామలింగానుశాసనం’ మూడు కాండల గ్రంథం. సుమారు 1500 శ్లోకాలున్న ఈ నిఘంటువు అధికభాగం అనుష్టుప్ ఛందస్సులో సాగుతుంది. అకారాది క్రమం లేదు. స్వర్గం, ఆకాశం, దిక్కులు, కాలం, భూమి, పురం, అడవి, మనుషులు ఇలా విషయాన్ని బట్టి వర్గాలుగా పదాలు అమరి ఉంటాయి. ఒక వస్తువుకున్న పర్యాయపదాలన్నీ ఒకేచోట, లింగ నిర్దేశంతో సహా దొరుకుతాయి. పుస్తకం తెరిచి వెతుక్కోవడానికి కాక గుర్తుంచుకోవడానికి కూర్చిన నిఘంటువు ఇది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు సంస్కృత పదసంపదను సంపాదించుకోవడానికి తరతరాలుగా ఆధారపడిన సాధనం ఇదే.

తెలుగులోనూ ఇదే దారిలో పద్య నిఘంటువులు వెలిశాయి. పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామసంగ్రహం’, ఆడిదము సూరకవి ‘ఆంధ్రనామశేషం’, కస్తూరి రంగకవి ‘సాంబనిఘంటువు’ ఇందుకు ఉదాహరణలు. మాటలను పద్యంలో పొదిగితే అవి నిలుస్తాయన్న విశ్వాసం ఈ రచనలన్నిటికీ మూలం.

అయితే అమర పఠనం వల్లెవేతతో ముగిసేది కాదు. శ్లోకంలో మాటలు సంధులతో అతుక్కొని ఉంటాయి గనుక ముందు పదచ్ఛేదం చేయాలి. తరువాత ప్రతిపదార్థం చెప్పాలి. ఆపైన ఆ పదం ఎక్కడ, ఎలా ప్రయోగమవుతుందో చూపాలి. ఇందుకోసమే టీకలు పుట్టాయి. లింగయసూరి ‘అమరపదవివృతి’ సంస్కృతంలో ఈ పని చేయగా, తెలుగులో అమరానికి వెలసిన ప్రసిద్ధమైన టీక పేరు ‘గురుబాలప్రబోధిక’. గురువుకూ బాలుడికీ ఇద్దరికీ బోధ కలిగించేదని ఆ పేరుకు అర్థం. శ్లోకం పిల్లవాడి నోట నిలిచాక, ఆ శ్లోకంలోని మాటను అతని ఇంటి భాషలోని మాటతో ముడివేయడానికి గురువుకు కూడా ఒక ఆధారం కావాలని ఈ సంప్రదాయం గుర్తించింది. ఈ విధంగా చూస్తే పద్యమార్గంలో పదబోధనకు రెండు సగాలున్నాయి. మొదటిది వల్లెవేత, రెండవది టీక. మొదటిది మాటను నిలుపుతుంది, రెండవది దానికి అర్థాన్నిస్తుంది.

2. 1823 నాటి బళ్ళారి నివేదిక

శాస్త్రాధ్యయనంలో ఉన్న ఈ క్రమం ఊరి వీధిబడుల్లో ఎంతవరకు నిలిచింది? దీనికి సమాధానం దొరికే అరుదైన పత్రం ఒకటి ఉంది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25 నాటి మినిట్ ద్వారా రాజధానిలోని దేశీయ పాఠశాలల వివరాలను సేకరించాలని ఆదేశించాడు. అతడు 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా పనిచేసినవాడు. 1827 జూలైలో నేటి కర్నూలు జిల్లాలోని పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. అతని ఆదేశానికి స్పందించి బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న పంపిన నివేదిక మిగిలిన జిల్లాల నివేదికలకంటె వివరమైనది.

ఈ నివేదికను కర్నూలు సీమకు అన్వయించడానికి ఒక వివరణ అవసరం. నాడు కర్నూలు నవాబు పాలనలో ఉండేది. 1839లో గాని కంపెనీ దాన్ని స్వాధీనం చేసుకోలేదు. కాబట్టి కర్నూలు పట్టణం ఆ సర్వేలో చేరలేదు. కానీ ఆదోని, ఆలూరు ప్రాంతాలు అప్పుడు బళ్ళారి జిల్లాలోనివి. అవి 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిశాయి. అంటే నేటి పశ్చిమ కర్నూలు నాటి బడుల స్థితి క్యాంబెల్ నివేదిక పరిధిలోనే ఉంది.

జిల్లాలో 533 విద్యాస్థానాలున్నాయని క్యాంబెల్ లెక్క చూపాడు. వాటిలో కన్నడం నేర్పేవి 235, తెలుగు నేర్పేవి 226, మరాఠీవి 23, పారసీవి 21, తమిళంవి 4. ఇంగ్లీషు నేర్పేది ఒక్కటే. ఇవి కాక బ్రాహ్మణులకు పరిమితమై సంస్కృత శాస్త్రాలు చెప్పేవి 23. పిల్లలు అయిదో ఏట బడిలో చేరేవారు. ఇసుక మీద వేలితో అక్షరాలు దిద్దేవారు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పేవారు. తక్కువ ఖర్చుతో సాగే ఈ పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండులో దీన్ని అనుకరించడం తగినదేనని కూడా రాశాడు.

అదే నివేదికలో అతడు చూపిన లోపం ఈ వ్యాసానికి ముఖ్యం. బడుల్లో చదివే పుస్తకాలన్నీ పద్యాలు. ఆ పద్యభాషకూ జనం మాట్లాడే, లెక్కలు రాసుకొనే భాషకూ చాలా దూరం. రెండింటికీ అక్షరాలు ఒకటే గనుక పిల్లవాడు చదవగలడు, కానీ గ్రహించలేడు. అతని దృష్టి అక్షరాలను సరిగా పలకడం మీదనే ఉంటుంది, అర్థం మీద ఉండదు. లెక్కలేనన్ని పద్యాలను అప్పజెప్పగల పిల్లవాడికి వాటి భావం చిలుకకు తెలిసినంతే తెలుసని క్యాంబెల్ కటువుగా అన్నాడు.

ఇది ఒక విదేశీ అధికారి చులకన చూపుగా తోసిపుచ్చదగింది కాదు. క్యాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణాన్ని, 1821లో తెలుగు నిఘంటువును ప్రచురించినవాడు. పద్యభాష, వాడుకభాషల మధ్య అంతరం అతనికి తెలుసు. పైగా అతడు లోపాన్ని పిల్లల బుద్ధికి గాని, పద్యానికి గాని అంటగట్టలేదు. పుస్తకాల స్వభావం, తగిన ఉపాధ్యాయుల కొరత అనే రెండు కారణాలు చూపాడు. బడుల్లో వాడే పుస్తకాల జాబితాలో నిఘంటు వ్యాకరణాల కింద అమరం, ఆంధ్రదీపిక, ఆంధ్రనామసంగ్రహం మొదలైనవాటిని పేర్కొని, వెంటనే ఒక మాట చేర్చాడు. భాషను సరిగా తెలుసుకోవడానికి అత్యవసరమైన ఈ పుస్తకాలే బడుల్లో అన్నిటికంటె అరుదు. రాతప్రతుల ఖరీదు, ఉపాధ్యాయుల పేదరికం ఇందుకు కారణాలు. ఎక్కడైనా దొరికినా అవి లేఖకుల తప్పులతో నిండి ఉంటాయి.

ఈ పరిశీలనను పై విభాగంలోని క్రమంతో కలిపి చదివితే అసలు విషయం తేటపడుతుంది. పద్యం బడికి చేరింది, టీకా నిఘంటువూ చేరలేదు. పద్యానికి ఖర్చు లేదు. ఒకరి నోటి నుంచి మరొకరి నోటికి అది నడుస్తుంది. అర్థం చెప్పడానికి మాత్రం పుస్తకం కావాలి, చదువుకున్న గురువు కావాలి. సీమ పేదరికం మొదట కోత పెట్టింది ఈ రెండవ సగానికే. జిల్లాలో చదువు క్షీణించడానికి దేశం పేదదైపోవడం, ఐరోపా బట్టల దిగుమతితో నేతపని దెబ్బతినడం కారణాలని క్యాంబెల్ స్వయంగా రాయడం ఈ సందర్భంలో గమనించదగింది.

3. కడపలో బ్రౌన్: ఎదురుదిశలో అదే మార్గం

క్యాంబెల్ నివేదికకు మూడేళ్ళ ముందు, 1820లో, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉద్యోగరీత్యా కడపకు వచ్చాడు. 1821లో అక్కడ ఉచిత పాఠశాలలు పెట్టాడు. తరువాత కడపలోని తన బంగళాలో పండితులను నియమించి తెలుగు కావ్యాల ప్రతులను సేకరింపజేసి పరిష్కరింపజేసిన కథ సాహిత్యలోకానికి తెలుసు. పదబోధన దృష్టితో చూస్తే అతని కృషిలో మరో పార్శ్వం కనిపిస్తుంది. తెలుగు అతనికి పరభాష. ఆ పరభాషలోకి అతడు పద్యం వెంట నడిచాడు. 1827లో ఛందస్సు మీద పుస్తకం వెలువరించాడు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. 1850ల తొలినాళ్ళలో అతని నిఘంటువులు అచ్చయ్యాయి.

ఈ వరుసలో ఒక తర్కం ఉంది. చిన్నదీ, లయ ఉన్నదీ, జనం నోళ్ళలో నానుతున్నదీ అయిన పద్యాన్ని అతడు ఎంచుకున్నాడు. దాని పక్కనే తన భాషలో అర్థాన్ని ఉంచాడు. ఆ మాటలను తరువాత నిఘంటువులో నిలిపాడు. తన నిఘంటువులో కావ్యప్రయోగాలతో పాటు వాడుక మాటలకూ, జాతీయాలకూ చోటిచ్చాడు. తెలుగువాడు ఇంగ్లీషులోకి వెళ్ళే దారి ఏదో ఆలోచించేటప్పుడు, ఇంగ్లీషువాడు తెలుగులోకి వచ్చిన దారిని కూడా పరిశీలించాలి. బ్రౌన్ పద్యాన్నీ, అర్థాన్నీ ఏనాడూ విడదీయలేదు. అతనికి పండితులు, ప్రతులు, డబ్బు ఉన్నాయి. వీధిబడి పిల్లవాడికి లేనివి అవే.

4. ఇంగ్లీషు బాలగేయం: పుట్టుక, వలస

ఇంగ్లండులో బాలగేయాలు బడికోసం పుట్టలేదు. అవి తల్లి ఒడిలో, వీధి ఆటలో పుట్టినవి. 1744లో లండనులో వెలువడిన ‘టామీ థంబ్స్ ప్రెట్టీ సాంగ్ బుక్’ వాటి తొలి సంకలనాల్లో ఒకటి. కొన్నింటికి కర్తలు తెలుసు. నేడు ప్రతి ఎల్.కె.జి.లో వినిపించే నక్షత్రగేయం 1806లో జేన్ టేలర్ ‘ది స్టార్’ అన్న పేరుతో రాసిన కవితలోనిది. మొదట అది అయిదు చరణాల కవిత. మన తరగతి గదుల్లో సాధారణంగా మొదటి చరణమే మిగిలింది.

ఆ పిల్లలకు గేయంలోని మాటల్లో ఎక్కువభాగం అప్పటికే ఇంట్లో విన్నవి. గేయం వాటిని ఆటలో పెట్టి పదును పెట్టేది. గేయాన్ని శిక్షణకు వాడుకోవాలనుకున్న విద్యావేత్తలు సైతం ధ్వనిని ఒంటరిగా వదలలేదు. కిండర్‌గార్టెన్ స్థాపకుడైన ఫ్రోబెల్ 1844లో ప్రచురించిన తల్లుల పాటల పుస్తకంలో ప్రతి పాటకూ ఒక బొమ్మ, చేతివేళ్ళతో చేసే అభినయం, తల్లికి వివరణ ఉన్నాయి. దాన్ని జర్మను ‘గురుబాలప్రబోధిక’ అనడం అతిశయోక్తి కాదు.

కడపలో లండన్ మిషనరీ సొసైటీ 1822లో పని ప్రారంభించింది. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో నంద్యాల, కర్నూలు ప్రాంతాల్లోనూ మిషన్ పాఠశాలలు వెలిశాయి. అయినా ఇంగ్లీషు చాలాకాలం పైతరగతుల చదువుగానే ఉంది. పసితరగతిలో రైమ్ పాఠ్యాంశంగా విస్తరించింది 20వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో, చిన్న పట్టణాలకూ మండల కేంద్రాలకూ ప్రైవేటు ఇంగ్లీషు బడులు పాకిన తరువాతనే. అలా వచ్చిన రైమ్ వెంట అభినయం కొంత వచ్చింది, వివరణ రాలేదు. 1823లో పద్యానికి జరిగినదే మళ్ళీ జరిగింది. ఖర్చులేని సగం ముందుగా చేరింది.

5. ధ్వని చేసే మేలు, దాని హద్దు

రైమ్ ధ్వని వల్ల కలిగే మేలును తక్కువ చేయడానికి లేదు. తెలుగు ప్రధానంగా అజంత భాష. ఇంగ్లీషు మాటలు హల్లుతో ముగిస్తే తెలుగు నోరు వాటికి ఉకారం చేర్చి బుక్కు, బస్సు, పెన్ను చేసుకుంటుంది. ఇంగ్లీషు గేయంలో ప్రాస పాదాంతంలో పడుతుంది. క్యాట్, హ్యాట్ వంటి జంట మాటలు చరణాల చివర పడినప్పుడు చివరి హల్లును అజంతం చేయకుండా పలకడం పిల్లవాడికి లయతోనే అలవడుతుంది. తెలుగు పద్యంలో ప్రాస పాదంలోని రెండో అక్షరంలో ఉంటుంది, యతి పాదం లోపల పడుతుంది. పద్యం జ్ఞాపకానికి పట్టు పాదం మొదట్లో ఉంటే, రైమ్‌కు పట్టు పాదం చివర ఉంది. మన బాలల పాటల్లో అంత్యప్రాస విరివిగా ఉంది గనుక ఈ మార్పు పిల్లలకు కష్టం కాదు.

ఇక్కడి నుంచి ఒక బోధనా సూత్రం తీయవచ్చు. పాదాంతంలో పడిన మాట స్పష్టంగా నిలుస్తుంది, నడుమ ఉన్న చిన్న మాటలు లయలో కరిగిపోతాయి. చతురశ్రగతిలో చప్పట్లు కొడుతూ పాడే పిల్లల గుంపులో రెండు మూడు ఇంగ్లీషు మాటలు కలిసి ఒకే మాటగా వినిపించడం సాధారణం. శ్లోకంలో సంధి చేసే పనిని రైమ్‌లో వేగం చేస్తుంది. అందువల్ల పదచ్ఛేదం శ్లోకానికి ఎంత అవసరమో రైమ్‌కూ అంతే అవసరం.

రైమ్స్‌ను సమర్థించేవారు పాశ్చాత్య పరిశోధనలను తరచుగా ఉదహరిస్తారు. బ్రయంట్, బ్రాడ్లీ, మరి ఇద్దరు సహరచయితలు 1989లో ప్రచురించిన అధ్యయనం వీటిలో ముఖ్యమైనది. వారు 64 మంది పిల్లలను మూడేళ్ళ వయసు దాటిన నాటి నుంచి ఆరేళ్ళు దాటేదాకా గమనించి, చిన్ననాడు బాలగేయాలు బాగా తెలిసినవారు తరువాత చదవడంలో, వర్ణక్రమంలో ముందున్నారని చూపారు. ధ్వనిభేదాలను పసిగట్టే శక్తిని గేయాలు పెంచుతాయన్నది వారి వివరణ. అయితే ఆ పిల్లలు ఇంగ్లీషు మాతృభాషగా పెరిగినవారు. వారికి గేయం ఇచ్చింది ధ్వనిజ్ఞానం. మాటల అర్థం ఇల్లు ముందే ఇచ్చింది. ప్రొద్దుటూరులోనో ఆళ్ళగడ్డలోనో ఉన్న పిల్లవాడికి ఇల్లు ఆ పని చేయలేదు. కాబట్టి ఆ ఫలితాన్ని పదసంపదకు యథాతథంగా అన్వయించడం తర్కదోషం అవుతుంది.

6. సీమ నేలలో రైమ్ మాటలు

రైమ్స్ పరాయి వాతావరణానికి చెందినవి గనుక మన పిల్లలకు అర్థం కావన్న వాదం ఒకటి వినిపిస్తుంది. సగం మాటల విషయంలో అది నిజం. డేమ్, టఫెట్, పెయిల్ వంటి మాటలు నేటి ఇంగ్లీషు వాడుకలోనే అరుదైపోయాయి లేదా సన్నగిల్లాయి. వాటి కోసం పిల్లవాడి జ్ఞాపకాన్ని ఖర్చు చేయించడం వృథా. మిగిలిన సగం విషయంలో మాత్రం ఈ వాదం నిలవదు.

జేన్ టేలర్ నక్షత్రాన్ని పోల్చిన వస్తువు వజ్రం. డైమండ్ అన్న మాట లోకంలో చాలామంది పిల్లలకు ఊహలోని వస్తువు. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పరిసరాల పిల్లలకు కాదు. తొలకరి వానలు పడగానే ఎర్రనేలల్లో, దున్నిన చేలల్లో వజ్రాల కోసం జనం వంగి వెతకడం ఏటా జరిగే సంగతి. ఇరుగుపొరుగు ఊళ్ళ నుంచి కుటుంబాలతో తరలివచ్చేవారూ ఉంటారు. వాన కడిగిన మట్టిలో మెరుపును చూసి రాయిని గుర్తించడం వారికి బతుకు ఆశ. నక్షత్రానికీ వజ్రానికీ మధ్య పోలిక ఏమిటో చెప్పగల అధికారం ఆ తరగతిలో పిల్లలకే ఎక్కువ. అయినా డైమండ్ అంటే వజ్రం అని ఎవరూ చెప్పకపోతే ఆ మాట ఉత్త శబ్దంగానే మిగులుతుంది.

నల్లగొర్రెను, ఉన్నిని గురించిన గేయమూ అటువంటిదే. దక్కను పీఠభూమిలో నల్లని ఉన్ని ఇచ్చే గొర్రెలు అనాదిగా ఉన్నాయి. కురువలు ఆ ఉన్నితో కంబళ్ళు నేసేవారు. ఆదోని, పత్తికొండ ప్రాంతాల పిల్లవాడికి వూల్ అన్న మాటకు వస్తువు తాత భుజం మీదనే కనిపించి ఉండవచ్చు. కొండెక్కి నీళ్ళు తెచ్చే గేయం విషయంలోనూ అంతే. కొండ మీద నీళ్ళెందుకుంటాయన్న సందేహం మైదానప్రాంతపు పిల్లవాడికి రావచ్చు. రాతికొండల మీది నీటిగుంటకు ‘దొన’ అన్న ప్రత్యేకమైన మాటే ఉన్న సీమలో ఆ సందేహానికి తావులేదు.

అన్నిటికంటె చిక్కు వాన గేయంతో వస్తుంది. వానను నేడు పొమ్మనీ, మరొకనాడు రమ్మనీ కోరే ఆ గేయం ఏడాది పొడవునా తుంపర పడే దేశంలో, ఆటకు వెళ్ళలేని పిల్లల విసుగులోంచి వచ్చినది. సంవత్సరానికి సగటున సుమారు 700 మిల్లీమీటర్లు, లేదా అంతకు తక్కువ వర్షం పడే కడప, కర్నూలు సీమలో వానతో పిల్లలకున్న సంబంధం వేరు. వానలు మొగం చాటేసిన ఏడు కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిరుగుతూ పాడడం, ఇల్లాళ్ళు దాని మీద నీళ్ళు పోయడం సీమ పల్లెల్లో ఆచారం. కప్పతల్లిని ఊరేగించే ఆ గుంపులో ముందు నడిచేది పిల్లలే. 1876–78 నాటి మహాక్షామం బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చిపెట్టిన సంగతి చరిత్రకెక్కింది. అటువంటి నేలమీద వానను పొమ్మనే పాటను అర్థం తెలియకుండా పాడవచ్చు, అర్థం తెలిస్తే పిల్లవాడు ఆగుతాడు. బోధనకు ఆ ఆగడమే తగిన అదను. పాట తన అనుభవానికి ఎదురు చెబుతున్నదని గ్రహించిన క్షణంలో పిల్లవాడు మాటను మాటగా వింటాడు.

7. టీకను తిరిగి చేర్చడం

రైమ్స్‌ను బడి నుంచి తొలగించాలని గాని, ఇప్పుడున్నట్టే కొనసాగించాలని గాని చరిత్ర చెప్పడం లేదు. వాటికి తప్పిపోయిన రెండవ సగాన్ని చేర్చాలని చెబుతున్నది. సంప్రదాయంలో ఉన్న మూడు మెట్లు ఇందుకు సరిపోతాయి.

మొదటిది పదచ్ఛేదం. పాట నోటికి వచ్చిన తరువాత దాన్ని నిదానించి, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క చప్పట్టుతో విడదీయించాలి. రోజుకు రెండు మూడు మాటలు, వీలైనంతవరకు పాదాంతంలో ఉన్నవి, ఎంచుకోవాలి. రెండవది ప్రతిపదార్థం. ఇక్కడ ఇంటిభాషను నిషేధించడం వల్ల జరిగే మేలు ఏమీ లేదు. వస్తువు ఉంటే వస్తువును, లేకుంటే బొమ్మను, క్రియ అయితే అభినయాన్ని చూపి, వెంటనే ఇంటిమాటను పక్కన ఉంచాలి. ఆదోని వంటి పట్టణంలో తరగతిలోని పిల్లల ఇళ్ళలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. వాన, మళె, బారిష్ అన్న వరుసలో రెయిన్‌ను చేరిస్తే నాలుగు భాషల పర్యాయపదమాల అవుతుంది. ఒక వస్తువుకున్న పేర్లన్నీ ఒకే గుత్తిగా ఇవ్వడం అమరసింహుని పద్ధతే. ఆ గుత్తిలో తన ఇంటిమాట కూడా చోటు చేసుకున్నదని చూసిన పిల్లవాడికి కొత్త మాట పరాయిదిగా తోచదు.

మూడవది ప్రయోగం. పాటలోంచి మాటను బయటికి తీసి మరో వాక్యంలో పెట్టగలిగినప్పుడే అది పిల్లవాడి సొంతమైనట్టు లెక్క. వాన గేయంలో ‘గో’ ఉన్నచోట ‘కమ్’ పెట్టి, వానను ఈనాడే రమ్మని పిలిచేటట్టు పిల్లల చేతనే మార్పించవచ్చు. లయ చెడదు. రెండు క్రియలు ఎదురెదురుగా నిలిచి వాటి అర్థాలు స్పష్టపడతాయి. కప్పతల్లి పాట పాడిన పిల్లలు ఆ మార్పును సహజంగా స్వీకరిస్తారు. అలాగే డైమండ్‌ను పాటలోంచి తీసి, దాన్ని ఎక్కడ చూశారని అడిగితే, జొన్నగిరి పిల్లలు చెప్పే సమాధానం పాఠ్యపుస్తకంలో దొరకదు.

ఈ పనికి ఆటంకం క్యాంబెల్ రెండు శతాబ్దాల కిందటే గుర్తించినది. పాట చెప్పగలవారు చాలామంది ఉన్నారు, అర్థం విడమరిచి చెప్పగలవారికి ఆధారగ్రంథం లేదు. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి పథకంతో మొదలైన అంగన్‌వాడీల్లోనూ, చిన్న ఊళ్ళ ప్రైవేటు బడుల్లోనూ పసిపిల్లలకు చెప్పేవారు తరచుగా తాము కూడా రైమ్‌ను వల్లెవేత ద్వారానే నేర్చుకున్నవారు. వారిని నిందించి ప్రయోజనం లేదు. వారికి కావలసింది సీమ మాటలతో, సీమ వస్తువులతో రాసిన ఒక టీక. ‘గురుబాలప్రబోధిక’ అన్న పేరులో గురువు ముందు, బాలుడు తరువాత ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, పని జరగవలసిన వరుస అదే. ఇటువంటి టీకను రూపొందించే సామర్థ్యం ఇంగ్లీషు శాఖల కంటె తెలుగు శాఖలకే ఎక్కువ. మాండలిక పదకోశాలు, జానపద బాలగేయాల సేకరణలు, ఛందోజ్ఞానం ఉన్నది వాటి వద్దనే.

ఉపసంహారం

పైన పరిశీలించిన అంశాల నుంచి కొన్ని నిర్ణయాలకు రావచ్చు. పరభాషా పదాలను పద్యం ద్వారా నేర్పడం రాయలసీమకు ఇంగ్లీషుతో వచ్చిన కొత్త పద్ధతి కాదు. అమర పఠనంలో అది వల్లెవేత, టీక అనే రెండు భాగాలతో సమగ్రంగా ఉండేది. 1823 నాటికి వీధిబడుల్లో రెండవ భాగం పేదరికం వల్ల, పుస్తకాల కొరత వల్ల సన్నగిల్లినట్టు బళ్ళారి నివేదిక సాక్ష్యమిస్తున్నది. కడపలో బ్రౌన్ ఆ రెండు భాగాలనూ కలిపి ఉంచుకున్నందువల్లనే పద్యం అతనికి భాషాద్వారమైంది. 20వ శతాబ్ది చివర విస్తరించిన ఇంగ్లీషు రైమ్, పాత వీధిబడి పద్యం వలెనే, ధ్వనిభాగంతో మాత్రమే తరగతిలోకి వచ్చింది.

చుట్టాల ముందు రైమ్ ఒప్పజెప్పే పిల్లవాడిని చూసి పొంగిపోయే తల్లిదండ్రుల సంతోషం అసహజం కాదు. పద్యం ఒప్పజెప్పిన పిల్లవాడిని చూసి రెండు వందల ఏళ్ళ కిందటి తల్లిదండ్రులూ అలాగే పొంగి ఉంటారు. కానీ కూలి డబ్బుతో ఫీజు కట్టిన ఇంటికి శబ్దం మాత్రమే చేరి, మాట చేరకపోతే నష్టం ఆ ఇంటిదే. వారి బిడ్డకు మూడో తరగతిలో ఆ మాట పుస్తకంలో ఎదురైనప్పుడు అది మళ్ళీ కొత్త మాటే అవుతుంది. పాట తరువాత మరో పది నిమిషాలు ఆ పాటలోని రెండు మాటలకు కేటాయించడం ఈ నష్టాన్ని తగ్గించే మార్గం. దాన్ని కనుగొనడానికి దూరం పోనక్కరలేదు. అమరానికి తెలుగు టీక రాసినవారు ఆ పని ఎలా చేయాలో ఎప్పుడో చూపించారు.